భూమి లోపలి శెనక్కాయలు ఎవరివి?

పెదకండ్రిగ గ్రామం, కాళహస్తి తాలూకా, చిత్తూరు జిల్లా.
1946వ సంవత్సరం అక్టోబరు 21వ తేది, సోమవారం.

మహారాజశ్రీ డిప్యూటీ కలెక్టరు గారి సముఖమునకు,

పై గ్రామ కాపురస్తుడు, మునిరామయ్య కుమారుడు, దస్తావేజు లేఖరి జయరామయ్య, వయస్సు 49, మిక్కిలి వినయంతో సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా గ్రామం సర్వే నంబరు 212లో బావితో కూడిన రెండెకరాల నలభై సెంట్ల మెట్ట భూమి – సదరు భూమి అడుగున నూనె వెదకుటకు మద్రాసు పినాకినీ మినరల్ ఆయిల్ సిండికేటు వారు పుచ్చుకొన్న కౌలు దస్తావేజు – దానిని గూర్చి నేను తమ ఎదుట ఇచ్చిన వాంగ్మూలం తప్పని ఒప్పుకొనుట – పట్టాదారు సిద్ధమ్మ తన శెనక్కాయలను వాన రాక ముందే పెరుక్కొనుటకు సెలవిప్పించుట – గురించి.

1. నేను సబ్ రిజిస్ట్రారు కచేరి ప్రహరీగోడ పక్కన తాటాకు పందిరి కింద ఇరవై రెండేండ్లుగా దస్తావేజులు రాసి జీవించుచున్నాను. అంతకు ముందు అదే పందిరి కింద మా నాయనగారు రాసేవారు. క్రయము, తనఖా, కౌలు, దానము, భాగపరిష్కారము, వీలునామా, ఏదైనా సరే, ఈ చుట్టుపక్కల భూమి ఒక చేతి నుంచి ఇంకొక చేతికి మారితే మధ్యలో మా ఇంటి సిరా ఉండి తీరును. ఈ మాట గొప్పకు చెప్పుకొనుట లేదు. గొప్పకు చెప్పుకొనే రోజులు పోయినవి.

2. సదరు భూమిని సిద్ధమ్మకు ఆమె తండ్రి పెంచలయ్య గారు పెండ్లినాడు పసుపు కుంకుమల కింద రాసి ఇచ్చినారు. ఆ దానపత్రం రాసినది మా నాయనగారే. సిద్ధమ్మ భర్త మునస్వామి రెండేండ్ల క్రిందట బావి నీళ్ళు తోడే ఎద్దుల కపిల తోలుచుండగా మోకు తెగి, కాలు విరిగి ఇంటిపట్టున ఉన్నాడు. నాటి నుంచి సేద్యం యావత్తూ ఆమెదే. గత సంవత్సరం వేసవిలో ఆ బావి పూడిక తీయుటకు దిగిన ఎల్లప్ప అనే కూలి అడుగున కూర్చుని బీడీ ముట్టించుకోగా, నీటి బుడగలు వచ్చే చోట నీలపు మంట లేచి అతని మీసం ఒక పక్క కాలిపోయినది. రెండో పక్క అతడు తీసివేయక, చూడవచ్చిన వారికి సాక్ష్యంగా రెండు నెలలు అట్లే ఉంచుకొన్నాడు. ఆ మీసం వార్త కాళహస్తి స్టేషను దాటి మద్రాసు వరకూ పోయినది.

3. ఆ వార్త విని సదరు సిండికేటు ఏజెంటు రాజారత్నం గారు జట్కాలో మా ఊరికి వచ్చినారు. మండే గాలి వచ్చే చోట అడుగున నూనె ఉండవచ్చునని, ఉంటే ఊరు బాగుపడునని అందరికీ చెప్పినారు. మర్యాదస్తులే. సిద్ధమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి, మూడేండ్ల కౌలుకు భూమి అడిగినారు. పన్నెండు చోట్ల జానెడు వెడల్పు బొక్కలు వేసి చూచుట, మనుషులు వచ్చిపోవుటకు దారి, అంతకు మించి ఏమీ వద్దన్నారు. సిద్ధమ్మ ఒప్పుకొన్నది. ఆమె అడిగినది కూడా ఎక్కువేమీ కాదు. "పైరు తొక్కకూడదు, బాయి నీళ్లు నాయి. ఆ రెండు మాటలూ కాయితంలో ఉండల్లప్పా," అని నాతో చెప్పినది. నేను తల ఊపినాను.

4. మార్చి నెల 11వ తేదీన దస్తావేజు రాసినాను. తప్పు జరిగినది ఇక్కడే గనుక తమరు దయచేసి ఈ అంశాన్ని నెమ్మదిగా చదవవలెను. భూమిని శాశ్వతంగా అమ్మినప్పుడో, దానం ఇచ్చినప్పుడో మా వృత్తిలో ఒక పంక్తి రాయుట తాతల నాటి ఆచారం. 'సదరు భూమియందలి నిధి నిక్షేప జల పాషాణ అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములనే అష్టభోగ సహితముగా' అని ఆ పంక్తి. అనగా పాతిన ధనము, లోపల దాగినది, నీరు, రాయి, ఇప్పుడున్నది, ఇకముందు రాబోయేది, సమస్తమూ పుచ్చుకొన్న వారిదే అగును. కౌలు దస్తావేజులో ఆ పంక్తి ఉండకూడదు. కౌలుదారు వాడుకొని వెళ్ళిపోయేవాడు, వానికి నిధి నిక్షేపాలతో పని లేదు. అయితే నేను హద్దులు సరిగా రావలెనని సిద్ధమ్మ తండ్రి ఇచ్చిన పాత దానపత్రం ఎదుట పెట్టుకొని నకలు తీసినందున, ఇరవై రెండేండ్ల అలవాటు చొప్పున చెయ్యి దానంతట అది పరుగెత్తి, ఆ పంక్తి కూడా కౌలులోకి వచ్చి పడినది. పైరు తొక్కరాదన్న మాట, బావి నీటి మాట మాత్రం రాలేదు. ఇది హస్తదోషమని మనవి.

5. రాసిన తరువాత సిద్ధమ్మకు చదివి వినిపించలేదు. మా దస్తావేజులన్నిటికీ చివర 'పై యావత్తూ చదివి వినిపించగా విని, సమ్మతించి వేసిన నిశాని' అని ఉండును. నేను పొద్దున పందిరి కింద కూర్చోగానే, ఇంకా ఎవరూ రాకముందే, ఆ పంక్తిని పది కాగితాల అడుగున వరుసగా రాసి పెట్టుకొంటాను. పని తొందరగా తెమలునని. మా నాయనగారు అట్లు చేయలేదు. ఆయన మూడుసార్లు చదివేవారు. చదివిన తరువాత సిరా డబ్బీ మూత తీయకుండానే, "ఇప్పుడు నువ్వు సెప్పు," అనేవారు. వేలిముద్ర వేసే మనిషి తనకు అర్థమైన మాటలలో యావత్తూ తిరిగి చెప్పవలెను. ఒక్క హద్దు మరచినా మళ్ళీ మొదటి నుంచి చదివేవారు. ఒక దస్తావేజుకు పూట గడిచిపోయేది. నేను ఆ పందిరి అందుకొన్న తరువాత ఆ పద్ధతి మానివేసినాను. ఈ వ్యవహారంలో నేను ఎవరి వద్దా ఒక్క రూపాయి కూడా పుచ్చుకొనలేదని ప్రమాణపూర్వకంగా మనవి చేసుకొనుచున్నాను.

6. సిండికేటు వారు పన్నెండు బొక్కలూ వేసినారు. నల్ల బంకమన్ను, ఉప్పు నీళ్ళు వచ్చినవి. నూనె రాలేదు. అయినను వారు భూమిని వదలక, బావి చుట్టూ ముళ్ళకంచె వేసి కావలి మనిషిని పెట్టినారు. ఎందుకని విచారించగా, అష్టభోగాలతో కూడిన ఈ కాగితాన్ని ఇంతకంటె పెద్ద కంపెనీకి మార్చి ఇచ్చుటకు బేరం నడుచుచున్నదని తెలిసినది. భూమిలో నూనె లేకపోయినా కాగితంలో ఉంటే చాలునట. అందుకు సర్కారు అనుమతి కావలెను, ఆ అనుమతికి పట్టాదారు సమ్మతి కావలెను. ఆ సమ్మతి నిజమా కాదా అన్నదే తమ ఎదుట నడుచుచున్న విచారణ. ఈ నెల 7వ తేదీన తమరు కళ్ళద్దాలు తీసి, నన్ను సూటిగా చూచి, "పూర్తిగా చదివి వినిపించావా?" అని అడిగినారు. నేను "చిత్తం" అన్నాను.

సిద్ధమ్మ అక్కడే, తలుపు పక్కన నిలబడి ఉన్నది. కాదని అనలేదు. నన్ను ఒకసారి చూచి, కొంగు సర్దుకొన్నది.

ఆ మధ్యాహ్నం ఇద్దరం ఒకే దారిన ఊరికి నడిచినాము. ఏటి ఒడ్డున ఆమె సద్ది మూట విప్పి, రాగి సంగటి ముద్దను రెండుగా విరిచి, పెద్ద ముక్క నాకు పెట్టినది. శెనక్కాయల ఊరుబిండి పచ్చడి కూడా వేసినది. పోయిన ఏటి పంటలోవని చెప్పినది. మొత్తం తిన్నాను. ఈ విషయం విచారణకు అవసరమో కాదో నాకు తెలియదు. రాయకుండా ఉండలేకపోయినాను.

7. అసలు ఆపద ఇప్పుడు వచ్చినది. ఆ భూమిలో సిద్ధమ్మ ఆషాఢంలో వేసిన శెనక్కాయ పంటకు వచ్చినది. విచారణ ముగిసే వరకు సదరు నంబరులో ఎవరూ భూమి తవ్వరాదని తమరు న్యాయంగానే ఉత్తరువు ఇచ్చినారు. అది బొక్కలు వేసే వారిని ఉద్దేశించిన ఉత్తరువని నా నమ్మకం. కాని పోయిన గురువారం సిద్ధమ్మ నలుగురు ఆడకూలీలతో పైరు పెరకబోగా కావలి మనిషి అడ్డు నిలిచి, రాజారత్నం గారిని, మా గ్రామ మునసబును పిలిపించినాడు. సంగతి తెలిసి నేనూ అక్కడికి పోయినాను. ఏజెంటు గారు దస్తావేజు నకలు తీసి, నేను రాసిన ఆ పంక్తిని అందరికీ వినబడునట్లు చదివినారు. భూమి లోపల దాగినదంతా నిక్షేపమే గనుక, నిక్షేపం కంపెనీది గనుక, కాయ కంపెనీదని, ఆకు మాత్రం సిద్ధమ్మదని, కావలసినచో ఆకును కొడవలితో కోసుకొని పోవచ్చునని సెలవిచ్చినారు. మునసబు జడిసి, పెరకడం తవ్వడం కిందికే వచ్చునన్నాడు.

సిద్ధమ్మ గట్టు మీద కూర్చుని ఒక మొక్క మొదట్లో మట్టిని వేలితో గీరి చూచినది. కాయ గట్టిపడి ఉన్నది. "ఇత్తనం ఏసినప్పుడు అది నా సేతిలోనే కదప్పా ఉండింది. మన్ను కప్పితే కంపినీది యెట్లయింది?" అని మునసబును అడిగినది. ఆయన నా వైపు చూచినాడు. కాగితం రాసినవాడిని నేనే గనుక సమాధానం నా దగ్గర ఉండునని కాబోలు. కూలీలలో ఒక అమ్మాయి నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకొన్నది. తరువాత ఎవరికీ నవ్వు రాలేదు, ఎందుకంటే తూర్పున మబ్బు పట్టి ఉన్నది. ఈ వారంలో వాన పడితే కాయ లోపలే మొలకెత్తును. వాన పడకుండా నేల బిగిసినా తొడిమ తెగి కాయ మన్నులోనే ఉండిపోవును. తదుపరి విచారణ 30వ తేదీన. శెనక్కాయకు వాయిదాలు తెలియవని తమకు నేను చెప్పనక్కరలేదు.

8. భూమి అడుగు ఎవరిదన్న ప్రశ్నకు మా ఊరిలో ఇప్పుడు మూడు వాదములు నడుచుచున్నవి. దస్తావేజు చొప్పున కౌలుదారుదని ఏజెంటు గారు అంటారు. పట్టా పైమట్టికే గాని లోపలిదంతా సర్కారుదని కరణం అంటాడు. ఒకప్పుడు జమీనులో పనిచేసిన ముసలి గుమాస్తా ఒకరు, ఈ ఊరు సర్కారులో కలియక ముందు పాతాళం దాకా జమీందారుదేనని, ఆ హక్కు ఎవరూ తీసివేయలేదని అంటారు. ఏది న్యాయమో తేల్చే పాండిత్యం నాకు లేదు. మూడింటిలోనూ సిద్ధమ్మ పేరు లేదన్నది మాత్రం గమనించినాను. ఈ సందేహం ఊరిలో పుట్టించినది నా కలమే. నిన్న ఇంకొక రైతు వచ్చి, తన చేనులో చిలగడదుంపలు వేసుకోవచ్చునా అని నన్ను అడిగి పోయినాడు.

9. నేను కొద్ది రోజులుగా మా ఇంట్లో లాంతరు వెలిగించుట మానివేసినాను. పొద్దు గూకక ముందే తిని పడుకొంటున్నాము. నా భార్య వరదమ్మ కారణం అడుగుచున్నది. ఆ కారణం ఈ అర్జీకి సంబంధించినది కాదు గనుక ఈ అంశాన్ని తమరు కొట్టివేయవలెను. కాగితం కరువు వలన తిరిగి రాయలేకపోవుచున్నాను.

కావున తమరు దయయుంచి, మొట్టమొదట, మిగిలిన న్యాయాన్యాయాలు తరువాత చూచుకొన్నా సరే, సిద్ధమ్మ కాయలు పెరుక్కోవచ్చునని మా మునసబుకు ఒక్క ముక్క రాసి ఈ అర్జీ తెచ్చిన మనిషి చేతనే పంపవలెను. 7వ తేదీన నేను చెప్పిన "చిత్తం" అనే మాటను రికార్డు నుంచి తీసివేసి, చదివి వినిపించలేదు, ఆమె ఆ పంక్తికి సమ్మతించలేదు, ఆ పంక్తి ఉన్నట్టే ఆమెకు తెలియదు, అని రాసుకోవలెను. ప్రమాణం చేసి అబద్ధమాడినందుకు చట్టంలో ఏమి శిక్ష ఉన్నదో అది నాకు విధించవలెను. పందిరి తీసివేయమన్నా తీసివేసెదను. ఆ పని నా చేతులతో నేనే చేయుట మేలు, ఎందుకంటే ఆ వాసాలు మా నాయనగారు పాతినవి.

ఇంత చేసి తమ దయను కోరుటకు నాకు ముఖం లేదు. సిద్ధమ్మకు ఉన్నది. ఆమె ముఖం చూచి చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడనని ఇంతకుముందు ఒకసారి చెప్పి మాట తప్పిన,
తమ విధేయుడు,
ము. జయరామయ్య, దస్తావేజు లేఖరి.

తా.క. అయ్యా, పై సంతకం చేసిన తరువాత ఈ అర్జీ తీసుకొని సిద్ధమ్మ ఇంటికి పోయినాను. ఆమె పేరు ఇన్నిసార్లు వచ్చిన కాగితాన్ని మళ్ళీ ఆమెకు వినిపించకుండా పంపితే నాకంటె సిగ్గులేనివాడు ఉండడు. అరుగు మీద కూర్చుని మొదటి నుంచి చివరి వరకు చదివినాను. లోపల మంచం మీద నుంచి మునస్వామి కూడా విన్నాడు. చదివి, మా నాయన అడిగినట్టే, "ఇప్పుడు నువ్వు చెప్పక్కా," అన్నాను.

ఆమె చెప్పినది. సర్వే నంబరు తప్ప ఏమీ మరచిపోలేదు. ఎల్లప్ప మీసం దగ్గర కొంచెం నవ్వినది కూడా. తరువాత, "నూనె సంగతి సెప్పనే లేదే జయరామయ్యా," అన్నది.

ఏ నూనె అని అడిగినాను. అడిగి ఉండకూడదు. "ఆ పొద్దు నా ఏలు పట్టుకోని సిరా పూసినావే, అప్పుడు నీ సెయ్యి సీమనూనె వాసన కొట్టింది. ఆ నెలలో మా వీధిలో దీపమనేది లేదు. రేషన్ సీసా ఎప్పుడో అయిపోయింది. నీ సేతికి యాడిదని అప్పుడే అనుకున్నా," అన్నది. తిట్టినట్టుగా అనలేదు. మరి కచేరిలో నేను "చిత్తం" అన్నప్పుడు ఎందుకు చెప్పలేదక్కా అన్నాను. "నువ్వే సెప్తావేమో అని సూసినా," అన్నది.

కనుక 5వ అంశంలో నేను ఒక్క రూపాయి పుచ్చుకోలేదన్నది నిజమే. పుచ్చుకొన్నది రూపాయి కాదు, నాలుగు గ్యాలన్ల కిరసనాయిలు డబ్బా. దస్తావేజు రాసిన రోజు పొద్దున్నే రాజారత్నం గారు మా ఇంటికి పంపినారు. నాకు సాయంకాలమైతే అక్షరం కనబడదు, దీపం లేకుంటే పని సాగదు, సీసా రేషనుతో నెల గడవదు, ఇవన్నీ నాకు నేను చెప్పుకొన్న మాటలు. వరదమ్మకు మాత్రం ఎవరో పాత కక్షిదారు ఇచ్చినాడని చెప్పినాను. 4వ అంశంలో చెయ్యి దానంతట అది పరుగెత్తినదని రాసినది అబద్ధం. ఏజెంటు గారు పాత దానపత్రం మీద వేలు పెట్టి, "ఈ పంక్తి కూడా ఉండనీయండి," అన్నారు. అది కౌలులో ఉండకూడదని నాకు తెలుసు. తెలిసి రాసినాను. బావి నీటి మాట, పైరు మాట వద్దన్నారు, అవీ తెలిసే వదిలినాను. చదివి వినిపించకపోవడం కూడా తొందర వల్ల కాదు. చదివితే ఆమె ఆ పంక్తి దగ్గర ఆపుతుందని భయపడి చదవలేదు.

ఆమె మాట విన్న వెంటనే పోయి, డబ్బాలో మిగిలిన సగం మునసబు దగ్గర అప్పగించి, రసీదు పుచ్చుకొని మళ్ళీ ఆమె అరుగుకు వచ్చినాను. ఆ రసీదు దీనితో జతపరిచినాను. సర్వే నంబరు 212 పేరు చెప్పి ఇంతవరకు బయటికి వచ్చిన నూనె అంతా అదొక్కటే.

ఈ తా.క. సిద్ధమ్మ అరుగు మీదనే రాసి, మళ్ళీ చదివినాను. వరదమ్మకు ఇంటికి పోయి చెప్పాలి. సిద్ధమ్మ విని, "ఇప్పుడు సరిపోయింది," అన్నది. సిరా డబ్బీ మూత తీసి అరుగు మీద పెట్టినాను. ఈసారి ఆమె వేలు నేను పట్టుకోలేదు. ఆమే సిరాలో ముంచి, ఎక్కడ వేయాలని అడిగి, ఆమే వేసినది.

సిద్ధమ్మ, ఎడమ చేతి బొటనవేలి నిశాని.